అర్హుడు వేరు, తగినవాడు వేరు

ముందుగా ఒక మనవి. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను చదివి, రైల్వేలో కింది తరగతి కొలువులో చేరి, తరువాత శాఖా పరీక్ష రాసి గుమాస్తా అయినవాణ్ణి. ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, "రాజుల చరిత్ర నాకు తెలియదండీ, నా బల్లమీద రోజూ తిరిగే నాలుగైదు ఇంగ్లీషు మాటల చరిత్ర ఐతే కొంత తెలుసు" అన్నాను. "అదే రాయండి" అన్నారు. కాబట్టి ఇందులో తప్పులుంటే నావి, ధైర్యం మాత్రం వారిది.

ఈ మాటలమీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా నాన్నగారి ట్రంకు పెట్టెలోని ఒక కాగితం. ఆయన ఒడిశాలో రైలు పట్టాలమీద కీమ్యానుగా పనిచేశారు. 1993లో గ్యాంగు మేస్త్రీ పదవికి ఆయన పేరు పరిశీలనకు వచ్చింది. కొన్నాళ్లకు ఇంగ్లీషులో ఒక కాగితం చేతికిచ్చారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు. మా వీధిలోనే ఉన్న ఒక పంతులుగారి దగ్గరకు తీసుకువెళ్లారు. ఆయన కళ్లజోడు సవరించుకొని చదివి, "నిన్ను అనర్హుడన్నారయ్యా" అని చెప్పారు. మా నాన్నగారు ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టారు. తరువాత పన్నెండేళ్లు కొలువు చేశారు గాని, మళ్లీ ఎన్నడూ ఆ పదవి ఊసెత్తలేదు. కీమ్యానుగానే రిటైరయ్యారు.

నేను గుమాస్తానైన తరువాత ఆ కాగితం తీసి చదివాను. అందులో ఉన్న మాట 'నాట్ ఎలిజిబుల్' కాదు, 'డిస్‌క్వాలిఫైడ్' కాదు. 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని ఉంది. పంతులుగారిని నేను తప్పుపట్టను. ఆయనకు తెలిసిన తెలుగు మాట అదొక్కటే. ఎలిజిబుల్, క్వాలిఫైడ్, సూటబుల్, ఫిట్, కాంపిటెంట్, ఈ ఐదింటికీ మనం ఒక్క 'అర్హత'నే గిన్నె మార్చి గిన్నెలో పోస్తాము. ఇంగ్లీషువాడు మాత్రం వాటిని ఐదు గదులలో పెట్టాడు. ఆ గదులలోకి మన తాతముత్తాతలు ఎలా నడిచారన్నదే నేను చెప్పదలచిన చరిత్ర.

ఎలిజిబుల్ అన్న మాట లాటిను భాషలో 'ఏరుకొను' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఎలెక్షను కూడా దాని తోబుట్టువే. అనగా ఎలిజిబుల్ అంటే 'ఏరుకోదగినవాడు', అంతే. ఏరుకున్నామని కాదు. పంక్తిలో కూర్చోవచ్చునన్నారు గాని విస్తట్లో వడ్డించలేదన్నమాట. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన కుర్రవాడు ఎలిజిబుల్ జాబితాలో తన పేరు చూసుకొని ఇంటిల్లిపాదికీ మిఠాయి పంచిన సంగతి నేనెరుగుదును. ఆ జాబితాలో ఎనిమిదివందల పేర్లున్నవి. ఖాళీలు పదకొండు.

ఆ కుర్రవాణ్ణి క్యాండిడేటు అంటాము. ఈ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. ప్రాచీన రోము నగరంలో పదవికి నిలబడేవాడు సుద్దతో తెల్లగా చేసిన ఉత్తరీయం కప్పుకొని జనం మధ్య తిరిగేవాడు. తెలుపును చెప్పే లాటిను మాట నుంచి క్యాండిడేటు వచ్చింది. మన భాషలలో ఎవరూ తెల్లబట్టల జోలికి పోలేదు. తెలుగువాడు అభ్యర్థి, అనగా వేడుకొనేవాడు. ఒడియాలో ప్రార్థి, అదీ అంతే. తమిళంలో ఎన్నికకు నిలిచేవాడు వేట్పాళర్, కోరుకొనేవాడు. మరాఠీలో ఉమేద్‌వార్ అంటారు, ఉత్తర కర్ణాటకంలోనూ ఈ మాట వినబడుతుంది. పారశీకంలో ఉమేద్ అంటే ఆశ. పూర్వం కచేరీలలో జీతం లేకుండా, ఎప్పటికైనా కొలువు దొరకకపోతుందా అని అరుగుమీద కూర్చొని రాతకోతలు చేసిపెట్టేవాణ్ణి కూడా ఉమేదువారు అనేవారు. 1886లో అచ్చయిన 'హాబ్సన్ జాబ్సన్' అనే ఆంగ్లో ఇండియను నిఘంటువులో కూడా ఈ మాటకు చోటు దొరికింది. ఈ పేర్లన్నిటిలోకీ నాకు ఉమేదువారే నచ్చుతుంది. అందులో నిజముంది.

ఇక చరిత్రకు వద్దాము. అర్హత పరీక్ష అనేది మనకు తెల్లవాళ్లు పెట్టినదే అని అందరూ అనుకుంటారు. కాని మొదట ఆ పరీక్ష రాయవలసి వచ్చింది తెల్లవాళ్లే! 1812లో మద్రాసులో ఫోర్టు సెంట్ జార్జి కళాశాల వెలిసింది. సీమనుంచి కొత్తగా దిగిన కంపెనీ కుర్ర దొరలు అక్కడ తెలుగో తమిళమో మరొక దేశభాషో నేర్చుకొని పరీక్షలో నెగ్గాలి. వాళ్లకు పాఠాలు చెప్పడానికి మన పండితులను నియమించారు. ఆ కళాశాల ఆశ్రయంలోనే 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి ఎల్లిస్ దొర రాసిన పీఠికలోనే, తెలుగు తమిళ కన్నడాదులు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వేరొక కుటుంబానికి చెందినవి అన్న సంగతి మొదటిసారి సాక్ష్యాలతో అచ్చయింది. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు ప్రారంభించి, పరీక్షలో నెగ్గి, 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్లాడు. తెలుగు రానివాడు ఈ ప్రాంతంలో దొరతనం చేయడానికి క్వాలిఫైడ్ కాడు అన్న రోజు ఒకటి ఉండేదని మన పిల్లలకు చెప్పాలి.

ఆ రోజు నిలవలేదు. 1833లో కంపెనీ చార్టరును కొత్తగా ఇచ్చినప్పుడు పార్లమెంటు చేసిన చట్టంలో 87వ సెక్షను ఉన్నది. కేవలం మతం, జన్మస్థలం, వంశం, రంగు అనే కారణాలవల్ల ఏ భారతీయుడూ కంపెనీ ఉద్యోగానికి దూరం కారాదని దాని తాత్పర్యం. జాగ్రత్తగా చూడండి. 'ఉద్యోగం ఇస్తాము' అనలేదు, 'అడ్డు చెప్పము' అన్నారు. అనగా ఆ చట్టం మనల్ని ఎలిజిబుల్ చేసింది. తరువాత ఇరవై ఏళ్లలో పెద్ద సివిలు ఉద్యోగాలలోకి ఒక్క భారతీయుడూ చేరలేదు. ఎందుకంటే ఆ కొలువులు కంపెనీ డైరెక్టర్లు తమవాళ్ల పిల్లలకు రాసి ఇచ్చే చీట్లమీద నడిచేవి. విస్తరి వేశారు, వడ్డించేవాడు ఇటు రాలేదు.

1835లో మెకాలే పత్రం, బెంటింకు ఉత్తర్వు వచ్చి ఇంగ్లీషు చదువుకు పీట వేశాయి. 1844 అక్టోబరులో గవర్నరు జనరలు హార్డింజి, సర్కారు కొలువులలో ఇంగ్లీషు చదివినవాళ్లకు ముందు చోటు ఇవ్వాలని తీర్మానం చేశాడు. మన ఇళ్లలో 'చదువు' అంటే 'ఇంగ్లీషు చదువు' అనే అర్థానికి బలం వచ్చింది అప్పటినుంచే. 1812లో దొర మన భాషలో పరీక్ష రాస్తే, 1844 తరువాత మనం దొర భాషలో పరీక్ష రాశాము. ముప్పై రెండేళ్లలో బల్ల ఇటునుంచి అటు తిరిగింది.

1853 చట్టంతో డైరెక్టర్ల చీట్లు రద్దయి పోటీ పరీక్ష వచ్చింది. మొదటి పరీక్ష 1855లో, లండనులో జరిగింది. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన వెలువడింది. అందులో క్వాలిఫైడ్ అన్న మాటే పడింది. విద్యవల్ల, సామర్థ్యంవల్ల, సచ్ఛీలంవల్ల ఎవరు ఏ పనికి క్వాలిఫైడ్ అయితే వారిని పక్షపాతం లేకుండా కొలువులోకి తీసుకుంటామన్నారు. దానికి ముందు 'సాధ్యమైనంత వరకు' అనే మాట కూడా తగిలించారు. గుమాస్తాగిరీ చేసినవాడికి ఆ మాట బరువెంతో తెలుస్తుంది. ఒక పేజీడు వాగ్దానాన్ని ఆ ఒక్క ముక్క మోసుకుపోగలదు.

1863లో సత్యేంద్రనాథ్ ఠాగూరు ఆ పరీక్ష నెగ్గి, సివిలు సర్వీసులో చేరిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ తరువాత మరికొందరు నెగ్గారు. అప్పుడేమైంది? 1870ల చివర పరీక్షకు గరిష్ఠ వయసు 21 నుంచి 19కి దించారు. పంధొమ్మిదేళ్లు నిండేలోగా మన కుర్రవాడు ఇంగ్లీషు, లాటిను నేర్చి, సముద్రం దాటి, సీమలో పెరిగినవాడితో పోటీపడాలి. క్వాలిఫైడ్ అయ్యే దారిలో వాణ్ణి ఆపలేనప్పుడు ఎలిజిబుల్ గడప ఎత్తు పెంచారు. సురేంద్రనాథ్ బెనర్జీ దీనిమీద దేశమంతా తిరిగి సభలు పెట్టారు. ఆ పరీక్షను మన దేశంలో కూడా జరపడం 1922కు గాని మొదలు కాలేదు.

నా పేరు పక్కన ఉండే మెట్రిక్యులేటు అన్న మాట సంగతి కూడా చెప్పనివ్వండి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. మెట్రిక్యులా అంటే లాటినులో పేర్లు రాసుకొనే చిట్టా. మెట్రిక్యులేషను అంటే విశ్వవిద్యాలయం చిట్టాలో పేరు ఎక్కడం, అనగా చదువు మొదలు. మన దేశంలో మాత్రం అది చదువు చివర అయింది, ఎందుకంటే కొలువు దొరకడానికి అంతమాత్రం చాలునన్నారు గనుక. గుమ్మం మెట్టునే ఇల్లనుకొని కాపురం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ విశ్వవిద్యాలయాల మొదటి పట్టభద్రుల కథ తలచుకుంటే పరీక్షలో తప్పినవాళ్లకు కొంత ఊరట. 1858లో కలకత్తాలో బి.ఏ. పట్టం పొందిన ఇద్దరూ, బంకించంద్ర ఛటర్జీ, జదునాథ్ బోసు, ఆరింటిలో ఐదు విషయాలలో బాగా నెగ్గి ఆరవదానిలో కొద్ది మార్కులతో తప్పారు. ఏడు మార్కులకు మించని ఆ లోటును దయతో సర్ది ఇద్దరికీ పట్టాలిచ్చారు. వందేమాతరం రాసిన చెయ్యి గ్రేసు మార్కులతో పట్టా అందుకొన్న చెయ్యి! ఇక మద్రాసు విశ్వవిద్యాలయపు మొదటి పట్టభద్రులు దామోదరం పిళ్లె, విశ్వనాథ పిళ్లె. ఇద్దరూ సింహళ ద్వీపంలోని యాళ్పాణం నుంచి వచ్చిన తమిళులు. ఊరు విడిచి వచ్చినవాళ్లే ముందు నెగ్గారని మనం కొంచెం మీసం దువ్వుకోవచ్చు.

మద్రాసు రాజధానిలో తరువాత స్కూలు ఫైనలు సర్టిఫికెట్టు పద్ధతి వచ్చినప్పుడు ఎలిజిబుల్ అన్న మాట మన తెలుగిళ్లలోకి సరాసరి ప్రవేశించింది. స్కూలు ఫైనలు పూర్తిచేసినవాడు వేరు, కాలేజీ చదువుకు ఎలిజిబుల్ అయినవాడు వేరు. విశ్వవిద్యాలయం ఎలిజిబుల్ అయినవాళ్ల జాబితా వేరుగా ప్రకటించేది. చదువు పూర్తయినా ఆ జాబితాకు ఎక్కకపోతే కాలేజీ గుమ్మం తొక్కడానికి లేదు.

ఇప్పుడు ఫిట్ సంగతి. దీనికి రైల్వేలోని వాడుక అందరికీ తెలియదు. బండిపెట్టెలో లోపం కనిపిస్తే ఆ పెట్టెను 'సిక్' అంటారు, సిక్ లైనులో పెడతారు. బాగుచేశాక 'ఫిట్' అని రాసి బండికి తగిలిస్తారు. మనుషులకూ ఇదే లెక్క. చూపు పరీక్షలో ఏ-వన్ నుంచి సి-టూ వరకు తరగతులున్నవి. ఇంజను నడిపేవాడికి దూరపు చూపు, రంగుల తేడా పట్టే చూపు ఏ-వన్ కావాలి. అది తగ్గితే వాడు ఏ-వన్‌కు అన్‌ఫిట్, సి-వన్‌కు ఫిట్ కావచ్చు. వాడికి మరొక బల్ల చూపించే నియమం ఉంది. కాబట్టి ఫిట్ అన్న మాట వెనుక ఎప్పుడూ 'దేనికి?' అన్న ప్రశ్న ఉంటుంది. డార్విను సిద్ధాంతం పేర చలామణీ అయ్యే 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అన్న మాటను 1864లో స్పెన్సరు పుట్టించాడు, డార్విను తరువాత ఎరువు తెచ్చుకున్నాడు. అక్కడ కూడా ఫిట్టెస్ట్ అంటే కండలు తిరిగినవాడని కాదు, ఆ చోటికి బాగా ఇమిడినవాడని. అన్నట్టు, మన ఇళ్లలో 'వాడికి ఫిట్స్ వస్తాయి' అంటే మూర్ఛ. ఇంగ్లీషులో రెండూ ఒకే ధ్వని, అర్థాలకు సంబంధం లేదు. మా నానమ్మ, డాక్టరు ఫిట్ అని రాశాడనగానే గుండె బాదుకుంది.

కాంపిటెంట్, కాంపిటీషను ఒకే తల్లి బిడ్డలు. ఐతే చట్టంలో కాంపిటెంట్ అంటే తెలివిగలవాడని కాదు, ఆ పని చేయడానికి చట్టం ఒప్పుకున్నవాడని. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షను ప్రకారం మైనారిటీ తీరినవాడు, స్థిరమైన బుద్ధిగలవాడు, ఏ చట్టంచేతా నిషేధం పొందనివాడు ఒడంబడికకు కాంపిటెంట్. దీనిమీద ఇంతకంటే చెప్పవలసింది లేదు.

క్వాలిఫైడ్‌తో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దానికి రెండు ముఖాలు. క్వాలిఫైడ్ డాక్టరు అంటే పట్టా ఉన్న వైద్యుడు. క్వాలిఫైడ్ ఒప్పుదల అంటే షరతులతో కూడిన ఒప్పుదల. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టంలో ఈ రెండో అర్థంలోనే వాడారు. మన వంటి సంఘాల కోశాధికారులు మరీ గుర్తుంచుకోవలసిన సంగతి: ఆడిటరు మీ లెక్కలమీద క్వాలిఫైడ్ రిపోర్టు ఇచ్చాడంటే సంతోషించకండి. ఫలానా పద్దు తనకు సమ్మతం కాదని రాశాడన్నమాట.

సూటబుల్ దగ్గరకు వద్దాము. ఇది 'వెంట నడచు' అనే ధాతువు నుంచి వచ్చింది. తొడుక్కొనే సూటు కూడా అదే. ఒకే గుడ్డలో కోసి ఒకదానికొకటి జోడు కుదిరినవి సూటు. సూటబుల్‌కు సరియైన తెలుగు మన ఆడవాళ్ల నోట రోజూ వినబడుతూనే ఉంటుంది. "ఈ చీర నీకు నప్పింది" అంటారు. నప్పకపోతే చీరకు దోషం లేదు, కట్టుకున్న పిల్లకూ దోషం లేదు. పెళ్లి ప్రకటనలలో 'సూటబుల్ మ్యాచ్' అన్నప్పుడు మనకు ఈ అర్థం చక్కగా తెలుస్తుంది. ఒక సంబంధం కుదరలేదని పిల్లను గడపలో కూర్చోబెట్టము, మరొకటి చూస్తాము. అదే మాట ఆఫీసు కాగితంమీద కనిపించేసరికి అనర్హుడని అనువాదం చేసుకుంటాము.

తెలుగులో మాటలు లేకనా? తగు, తగిన అనేవి మన సొంత మాటలు. తమిళుల 'తగుది', కన్నడిగుల 'తక్క' వాటికి అక్కచెల్లెళ్లు. సంస్కృతం నుంచి యోగ్యత, పాత్రత, అర్హత వచ్చినవి. అధికారి అన్న మాట చూడండి. శాస్త్రాలలో అధికారి అంటే ఆ యాగం చేయడానికో ఆ విద్య నేర్వడానికో అర్హుడైనవాడు. అంటే ఎలిజిబుల్! ఈనాడు అధికారి అంటే మన అర్హతను నిర్ణయించేవాడు. ఒక్క మాటే బల్లకు ఇటునుంచి లేచి అటు వెళ్లి కూర్చుంది.

మన రాజ్యాంగం 58వ అధికరణంలో రెండు మాటలూ ఒకేచోట ఉన్నవి. రాష్ట్రపతి ఎన్నికకు ఎలిజిబుల్ కావాలంటే పౌరుడై ఉండాలి, ముప్పై ఐదేళ్లు నిండాలి, లోక్‌సభ సభ్యత్వానికి క్వాలిఫైడ్ అయి ఉండాలి. అనగా నాలో ఉన్నది క్వాలిఫికేషను, దాన్ని లెక్కపెట్టి నియమం నాకిచ్చే చోటు ఎలిజిబిలిటీ. మూడోది, సూటబుల్, రాజ్యాంగం రాయలేదు. దాన్ని ఓటర్లకు వదిలింది. 1969లో ఆ పదవికి ముఖ్యంగా పోటీపడినవారు ఇద్దరూ తెలుగువారే, నీలం సంజీవరెడ్డిగారు, వి.వి.గిరిగారు. ఇద్దరూ ఎలిజిబుల్. రెండో ప్రాధాన్యం ఓట్లు కూడా లెక్కించాక గిరిగారు నెగ్గారు. ఆయన 1894లో బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారని ఈ సంచిక చదివేవారికి నేను జ్ఞాపకం చేయనక్కరలేదు గాని, రైల్వేవాణ్ణి గనుక చేస్తున్నాను.

మనబోటి ప్రవాస కుటుంబాలకు ఈ గదుల తేడా తిండి గింజల సంగతి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు భాషా అల్పసంఖ్యాకుల రక్షణకు కేంద్ర ప్రభుత్వం ఒక పత్రం పార్లమెంటు ముందుంచింది. రాష్ట్ర భాష తెలిసి ఉండటం ఉద్యోగానికి ముందు షరతు కాకూడదు, ఎంపిక అయిన తరువాత, ప్రొబేషను ముగిసేలోగా ఆ భాషలో పరీక్ష పెట్టవచ్చునని అందులో ఉన్నది. మాటల లెక్కన చెప్పాలంటే, భాషను ఎలిజిబుల్ గదిలోనుంచి తీసి తరువాతి గదిలో పెట్టారు. ఐనా రాష్ట్రాల నియమాలన్నీ ఆ దారిన నడవలేదు. ఒడిశాలో చాలా రాష్ట్ర ఉద్యోగాలకు మిడిలు స్కూలు స్థాయి ఒడియా ముందే నెగ్గి ఉండాలి. అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రెండూ పిల్లలకు దక్కనివ్వండి. తెలుగు బడిలో చదివించినా ఆ ఒక్క పరీక్ష వేరుగానైనా కట్టించండి. ప్రకటన పడ్డాక పరుగెత్తితే ఆ సర్టిఫికెట్టు చేతికి రాదు.

చివరిగా మా నాన్నగారి కాగితం. ఆయన కోరిన పదవికి రైల్వే నియమం 'సీనియారిటీ కమ్ సూటబిలిటీ'. వరసలో ఉన్నవాళ్లను పిలిచి పరీక్షించి, ఆ పదవికి నప్పుతాడా అని చూస్తారు. ఒకసారి నప్పలేదని రాసినా, మరుసటిసారి పరీక్ష పెట్టినప్పుడు క్రిందటిసారి నెగ్గనివాళ్లను కూడా వరస ప్రకారం మళ్లీ పిలవాలని ఆ నియమాలలోనే ఉంది. క్రిందటి ఏడు ఒక సాయంకాలం ఆ పేజీ తెచ్చి ఆయనకు చదివి, తెలుగులో చెప్పాను. ఆయన చాలాసేపు ఊరకున్నారు.

"1996లో ఒకసారి పిలిచారురా" అన్నారు. "అనర్హుణ్ణని ముందే రాశారు గదా, ఎగతాళికి పిలుస్తున్నారేమో అనుకొని వెళ్లలేదు. ఆ వేళ డ్యూటీ కూడా ఉంది."

కాగితం నా చేతిలోంచి తీసుకొని, మడతలమీదే మడిచి, పెట్టెలో పెట్టేశారు.